ఇంటి గుట్టూ, లంక చేటూ: రాకెట్ కేంద్రాల నుంచి సంస్థలకు కొన్ని సంగతులు

1979 ఆగస్టు 10. ఉదయం ఎనిమిది కావడానికి రెండు నిమిషాలుంది. శ్రీహరికోట ఇసుక నేల మీంచి పదిహేడు టన్నుల ఎస్‌ఎల్‌వీ-3 పైకి లేచింది. మొదటి దశ అనుకున్నట్టే మండింది. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్లకల్లా, మోసుకెళ్తున్న ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో పడింది. రెండో దశను దారిలో పెట్టాల్సిన నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తర్వాత తేలింది.

ప్రాజెక్టుకు సారథి అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపిందనీ, పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి ఫర్వాలేదన్నారనీ, వాళ్ల మాట మీద తానే ముందుకు వెళ్లమన్నాననీ ఆయన ఆ తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. తప్పు ఎవరిదో వెతకాలంటే ఆ రోజు ఎక్కువ దూరం పోనక్కర్లేదు. విలేకరులు కాచుకుని ఉన్నారు. ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ కలాంని వెంటబెట్టుకుని వెళ్లి, మైకు మాత్రం తానే అందుకున్నారు. విఫలమయ్యామని ఒప్పుకున్నారు. బాధ్యత తన మీద వేసుకున్నారు. ఏడాదిలోగా మళ్లీ ప్రయోగిస్తామన్నారు. అన్నట్టే 1980 జులై 18న 35 కిలోల రోహిణి కక్ష్యలోకి చేరింది. ఈసారి విలేకరుల దగ్గరికి వెళ్లి మాట్లాడమని ధావన్ కలాంనే పంపించారు.

ఈ ఉపన్యాసం ఆ ధావన్ స్మృతికి. పై కథ మన దగ్గర నాయకత్వ పాఠంగా బాగా అరిగిపోయింది. పాఠశాల వార్షికోత్సవం నుంచి బ్యాంకు మేనేజర్ల శిక్షణ దాకా ఎక్కడ చూసినా వినిపిస్తుంది. వినగానే అందరూ పెద్దాయన మంచితనానికి చప్పట్లు కొడతారు. మంచితనం సరే. దానికంటే ముఖ్యమైనది ఆ ఉదయం అదే సంస్థలో పనిచేస్తున్న కుర్ర ఇంజనీరు ఏం నేర్చుకున్నాడన్నది. వాల్వు కారిందని చెబితే తన తల ఎగిరిపోదని నేర్చుకున్నాడు. సంస్థలో మార్పు అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. చెడు కబురు కింది నుంచి పైకి ఎంతసేపట్లో, ఎంత చెక్కు చెదరకుండా చేరుతుందో చూస్తే చాలు, ఆ సంస్థ ఎటు మారుతోందో తెలిసిపోతుంది.

మార్పు అనగానే కంపెనీలు చేసే పనులు వేరు. కొత్త లోగో గీయిస్తారు. శాఖల పేర్లు మార్చి గీతలూ డబ్బాలూ ఉన్న బొమ్మ ఒకటి గోడకు తగిలిస్తారు. కన్సల్టెంట్లు వచ్చి రెండు రోజులు రంగు కాగితాలు అంటించి వెళ్తారు. ధావన్ కూడా బొమ్మ మార్చారు, అందులో సందేహం లేదు. 1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయేనాటికి అంతరిక్ష కార్యక్రమం అణుశక్తి శాఖ నీడలో ఉంది, అంతా ఒక్క మనిషి చుట్టూ అల్లుకుని ఉంది. 1972లో అంతరిక్ష సంఘం, ప్రత్యేక శాఖ ఏర్పడ్డాయి. తుంబాలో విడివిడిగా ఉన్న విభాగాలన్నీ కలిసి విక్రమ్ సారాభాయ్ కేంద్రమయ్యాయి. ధావన్ అప్పుడు అమెరికాలో, కాల్‌టెక్‌లో ఉన్నారు. ప్రధాని కబురు పెడితే షరతులు చెప్పి మరీ ఒప్పుకున్నారు: ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి, భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టర్ పదవి వదులుకోరు. ఈ రెండో షరతు చూడటానికి సొంత ఇష్టంలా కనిపిస్తుంది గానీ, దాని ఫలితం పెద్దది. సగం రోజు విశ్వవిద్యాలయంలో గడిపే మనిషికి తన కంటే తెలిసినవాళ్లతో వాదించడం అలవాటుగా ఉంటుంది. ఆ అలవాటు సమీక్షా సమావేశాలకు పాకింది. బయటి శాస్త్రవేత్తలను పిలిచి, సొంతవాళ్ల డిజైన్‌ను వాళ్ల ముందు పెట్టి, తప్పులు పట్టమనడం అక్కడ పద్ధతిగా నిలిచింది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. సంస్థల మార్పు గురించి మాట్లాడేటప్పుడు ఆ మార్పు కోసం చోటు ఖాళీ చేసినవాళ్లు జాబితాలో ఉండరు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో రాకెట్లకు ముందు యానాదులున్నారు. సుమారు 145 చదరపు కిలోమీటర్ల నేల కేంద్రానికి పోయింది. అక్కడి అడవి, చేపలు, తేనె మీద బతికినవాళ్ల లెక్క ఏ విజయోత్సవ సంచికలోనూ సరిగ్గా కనిపించదు.

అసలు సంగతికి వద్దాం. తెలుగు ఆఫీసుల్లో తరచుగా వినిపించే సామెత ఒకటుంది: ఇంటి గుట్టు లంకకు చేటు. లోపలి సంగతి బయట పెట్టకూడదని చెప్పడానికి దాన్ని వాడతారు. విభీషణుడు రాముడి దగ్గరికి పోయి గుట్టు విప్పాడు కాబట్టి లంక కూలిందని దాని తాత్పర్యం. కానీ కథ మొదటి నుంచి చదివితే తేడా తెలుస్తుంది. విభీషణుడు బయటికి పోక ముందు నిండు సభలో అన్నతో చెప్పాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చెప్పాడు. రావణుడు అవమానించి పంపేశాక గానీ గుట్టు గడప దాటలేదు. లంకకు చేటు తెచ్చింది గుట్టు బయటపడటం కాదు, లోపల చెబితే వినే దిక్కు లేకపోవడం. మేనేజ్‌మెంట్ పుస్తకాలు తెరవకముందు ఈ కథను ఆ కోణంలో ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

అమెరికాలో, అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో, ఈ కథ రెండు అంకాలుగా జరిగింది. అక్కడి మార్షల్ అంతరిక్ష కేంద్రం అధిపతి వెర్నర్ వాన్ బ్రౌన్. ఆయన్ను ఆదర్శ పురుషుడిగా నిలబెట్టే ఉద్దేశం ఎవరికీ ఉండనక్కర్లేదు. హిట్లర్ కోసం వీ-2 రాకెట్లు చేసినవాడు, ఆ రాకెట్లను నిర్బంధ శిబిరాల ఖైదీలు ప్రాణాలు పోగొట్టుకుంటూ తయారు చేశారు. కానీ చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్-5 తయారైన రోజుల్లో మార్షల్‌లో ఆయన నడిపిన ఒక చిన్న పద్ధతి చూడదగినది. ప్రతి సోమవారం ఇరవై మందికి పైగా విభాగాధిపతులు, ప్రాజెక్టు మేనేజర్లు తలా ఒక పేజీ రాసి పంపాలి. ఏ ఫారమూ లేదు. గత వారం ఏం జరిగింది, ఎక్కడ ఇరుక్కున్నాం, అంతే. వాన్ బ్రౌన్ వాటిని చదివి అంచుల్లో తన చేత్తో ప్రశ్నలు, మెచ్చుకోళ్లు, చురకలు రాసేవాడు. ఆ రాతలతో సహా కట్ట మొత్తాన్ని నకళ్లు తీయించి అందరికీ పంపేవాళ్లు. దాంతో ఇంజను వాళ్ల ఇబ్బంది ట్యాంకుల వాళ్లకు తెలిసేది. ఒకరి తప్పు మీద పెద్దాయన ఏమన్నాడో మిగతా వాళ్లందరూ చదివేవాళ్లు. వారానికి ఒక్క కాగితం, దానికింత శక్తి!

అంతకు ముందు రెడ్‌స్టోన్ రాకెట్ల కాలం నాటి సంఘటన ఒకటి అక్కడివాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒక రాకెట్ విఫలమైంది, కారణం అంతుచిక్కలేదు. ఒక ఇంజనీరు వచ్చి, పరీక్షలో పొరపాటున తానే ఒకచోట షార్ట్ సర్క్యూట్ చేసి ఉండవచ్చని చెప్పాడు. చూస్తే అదే నిజం. డిజైన్ అంతా తిరగదోడే అవసరం తప్పింది. వాన్ బ్రౌన్ అతనికి షాంపేన్ సీసా పంపించాడు.

1970లో వాన్ బ్రౌన్ మార్షల్ వదిలి వెళ్లాడు. రెండో అంకం 1986 జనవరి 27 రాత్రి.

అది కూడా మార్షల్ వాళ్ల కథే, ఎందుకంటే స్పేస్ షటిల్ పక్కనుండే ఘన ఇంధన బూస్టర్ల బాధ్యత ఆ కేంద్రానిది. వాటిని చేసేది ఉటా రాష్ట్రంలోని మోర్టన్ థయోకాల్ కంపెనీ. బూస్టర్ ముక్కల అతుకు దగ్గర వేడి వాయువు బయటికి రాకుండా రబ్బరు వలయాలుంటాయి, ఓ-రింగులంటారు. 1981లో రెండో షటిల్ యాత్ర నుంచే వాటిలో కోత కనిపిస్తోంది. ప్రతిసారీ చూశారు, కొలిచారు, ఏమీ కాలేదు కదా అని ముందుకు పోయారు. ఏమీ కాని ప్రతి యాత్రా ధైర్యాన్ని కొంచెం పెంచింది. సమాజశాస్త్రవేత్త డయాన్ వాన్ ఈ జారుడును ఏళ్ల తరబడి తవ్వి 1996లో పెద్ద గ్రంథమే రాశారు. తేడాను మామూలుగా మార్చుకోవడం అంటే ఏమిటో ప్రపంచానికి ఆవిడ చెప్పారు. మన ఇళ్లలోనూ ఉన్నదే. గీజరు ముట్టుకుంటే షాకు కొడుతుందని తెలిసీ చెప్పులేసుకుని స్నానం చేసే కుటుంబాలు ఎన్ని లేవు?

థయోకాల్ ఇంజనీర్లు ఊరుకోలేదు. 1985 జులైలో రోజర్ బోజాలీ ప్రాణాలు పోయే ప్రమాదముందని కంపెనీ పెద్దలకు రాశాడు. అక్టోబరులో బాబ్ ఎబెలింగ్ రాసిన లేఖ 'కాపాడండి' అనే కేకతోనే మొదలవుతుంది. ఓ-రింగుల పని కోసం వేసిన బృందానికి సొంత కంపెనీలోనే అడుగడుగునా అడ్డంకులని దాని గోడు.

ఆ జనవరి రాత్రి ఫ్లోరిడాలో చలి గడ్డకట్టే స్థాయికి దిగిపోతోంది. మూడు చోట్ల మనుషులు ఫోన్ మీద కూర్చున్నారు: ఉటాలో థయోకాల్ వాళ్లు, హంట్స్‌విల్‌లో మార్షల్ వాళ్లు, ప్రయోగ కేంద్రంలో ఇరుపక్షాల ప్రతినిధులు. చలికి రబ్బరు గట్టిపడుతుంది, సందును సకాలంలో మూయలేదు, 12 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గితే ఎగరవద్దు అని కంపెనీ చెప్పింది. మార్షల్ వాళ్లకు కోపం వచ్చింది. అయితే వచ్చే ఏప్రిల్‌లో ఎగరమంటారా అని ఒక అధికారి విసుక్కున్నాడు. కంపెనీ వాళ్లు ఐదు నిమిషాలు మాట్లాడుకుంటామని ఫోన్ ఆపారు. అది అరగంట సాగింది. బోజాలీ ఫోటోలు బల్ల మీద పరిచి మళ్లీ వాదించాడు. చివరికి సీనియర్ అధికారి ఒకాయన, ఇంజనీరింగ్ విభాగం పెద్దవైపు తిరిగి ఇంజనీరు టోపీ తీసేసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నాడు. ఆయన పెట్టుకున్నాడు. ఫోన్ మళ్లీ కలిసింది. ఎగరవచ్చని సంతకం చేసిన కాగితం ఫ్యాక్సులో వెళ్లింది.

ఆ అరగంటలో జరిగింది మరొకటి ఉంది, దాన్ని అప్పుడు గుర్తించినవాళ్లు తక్కువ. అంతవరకూ షటిల్ ఎగరాలంటే భద్రమని నిరూపించాలి. ఆ రాత్రి ఇంజనీర్లను భద్రం కాదని నిరూపించమన్నారు. నిరూపణ బరువు ఒక భుజం మీంచి మరో భుజం మీదికి మారింది, మార్చినట్టు ఏ కాగితం మీదా లేదు. మర్నాడు ఉదయం చాలెంజర్ షటిల్ 73 సెకన్లు ఎగిరింది. ఏడుగురు చనిపోయారు.

సంస్థల్లో జరిగే అతి పెద్ద మార్పులకు ఉత్తర్వులుండవు. అంచుల్లో చేత్తో ప్రశ్నలు రాసిన కేంద్రమే పదహారేళ్లలో, సమస్యలను పైకి పంపకుండా తన గోడల మధ్యే సర్దుకునే కేంద్రమైంది. విచారణ జరిపిన రాజర్స్ సంఘం మార్షల్ గురించి సరిగ్గా ఇదే చెప్పింది. ఎవరూ ఆ మార్పు కోసం సమావేశం పెట్టలేదు, ఎవరూ కన్సల్టెంటును పిలవలేదు. ఆ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రబ్బరు ముక్కను మంచునీళ్ల గ్లాసులో ముంచి చూపించడం అందరికీ గుర్తుంది. ఆయన నివేదికకు జత చేసిన అనుబంధంలో ఉన్నది అంతకంటే పదునైనది. షటిల్ పోగొట్టుకునే అవకాశం నూటికి ఒకటి అని పనిచేసేవాళ్ల అంచనా. లక్షకు ఒకటి అని యాజమాన్యం అంచనా. ఒకే భవనంలో కింది అంతస్తుకీ పై అంతస్తుకీ మధ్య వెయ్యి రెట్ల తేడా.

తర్వాత నాసా మారిందనే అందరూ అనుకున్నారు. భద్రతకు కొత్త కార్యాలయం వచ్చింది, కొత్త బొమ్మ గోడకెక్కింది. పదిహేడేళ్లకు, 2003 జనవరి 16న కొలంబియా షటిల్ ఎగిరింది. కల్పనా చావ్లా అందులో ఉంది. 82వ సెకనులో ఇంధన ట్యాంకు మీంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. నురుగు ఊడటం అప్పటికి మామూలైపోయింది, ఓ-రింగుల్లాగే. రెక్కను కక్ష్యలో ఉండగా ఫోటో తీయించమని ఇంజనీర్లు అడిగారు, కుదరలేదు. రాడ్నీ రోచా అనే ఇంజనీరు గట్టిగా ఒక ఈ-మెయిల్ రాశాడు, ప్రింటు తీశాడు, తోటివాళ్లకు చూపించాడు. పైకి మాత్రం పంపలేదు. తనకంటే అన్ని మెట్లు పైనున్నవాళ్లకు రాయడం పద్ధతి కాదని అతనికి నేర్పారు. ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగొస్తూ ముక్కలైంది. విచారణ సంఘం శాన్ ఆంటోనియోలో గ్యాస్ తుపాకితో నురుగు ముక్కను రెక్క నమూనా మీద పేల్చితే తలకాయ పట్టేంత కన్నం పడింది. ఈ ప్రమాదంలో నురుగుకు ఎంత పాత్ర ఉందో సంస్థ సంస్కృతికీ అంతే ఉందని సంఘం రాసింది.

ఆ నివేదికలో ఒక చిన్న వస్తువు ఉంది, పెద్ద పెద్ద సూత్రాలకంటే అది ఎక్కువ చెబుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నిర్మాణంలో ఒక ముఖ్య ఘట్టానికి 2004 ఫిబ్రవరి 19 గడువు. ఆ తేదీకి ఇంకా ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎన్ని సెకన్లు మిగిలాయో చూపించే స్క్రీన్‌సేవర్‌ను మేనేజర్లకు పంపించారు. కుర్చీలోంచి లేచి కాఫీకి వెళ్లొచ్చేసరికి తెర మీద సెకన్లు తరిగిపోతూ ఉంటాయి. ఆ తెర ముందుకు వచ్చి ఇంకో వారం ఆగుదామనడానికి ఎంత ధైర్యం కావాలి? టార్గెట్ బోర్డులు వేలాడదీసే మన బ్రాంచి మేనేజర్లకు ఈ స్క్రీన్‌సేవర్ కొత్తేమీ కాదు.

నిజమైన మార్పు కనిపించాలంటే 2009 దాకా ఆగాలి. అది విజయంలా కనిపించలేదు, పొద్దుగూకినా తెమలని మీటింగులా కనిపించింది. అంతకు ముందరి నవంబరు యాత్రలో ఇంజను నుంచి ఇంధన ట్యాంకుకు వెళ్లే హైడ్రోజన్ వాయువును నియంత్రించే వాల్వులో చిన్న ముక్క విరిగింది. ఫిబ్రవరి 20న తర్వాతి షటిల్ డిస్కవరీ ప్రయోగానికి ముందు జరిగిన సమీక్ష దాదాపు పద్నాలుగు గంటలు నడిచింది. ఎవరి లెక్క వాళ్లు చెప్పారు, లెక్కలు కలవలేదు. నిరూపణ బరువు ఈసారి ఉండాల్సిన భుజం మీదే ఉంది. ఎగరవద్దనుకున్నారు. మరిన్ని పరీక్షలయ్యాక మార్చి 15న డిస్కవరీ ఎగిరింది. ఆ పద్నాలుగు గంటలకు ఎవరూ స్మారక స్తంభం కట్టలేదు.

వ్యాపారంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఫోర్డ్ కార్ల కంపెనీ. 2006లో బోయింగ్ విమానాల కంపెనీ నుంచి అలన్ ములాలీ అక్కడికి అధిపతిగా వచ్చాడు. ప్రతి గురువారం సమావేశంలో విభాగాధిపతులు తమ పనులను పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపాలన్నాడు. వారం తర్వాత వారం గోడంతా పచ్చగానే ఉంది. ఆ ఏడాది కంపెనీ నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటింది! ఒక రోజు మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి, ఎడ్జ్ అనే కొత్త కారు విడుదల ఆగిపోయిందని ఎరుపు చూపించాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఇతని పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టి, ఇతనికి ఎవరు సాయం చేయగలరని అడిగాడు. ఆ తర్వాత వారాల్లో చార్టులకు రంగులొచ్చాయి. ఎనిమిదేళ్ల తర్వాత ములాలీ దిగిపోయినప్పుడు ఆ కుర్చీ ఎక్కింది ఆ ఫీల్డ్సే.

ఇస్రో దగ్గరికి తిరిగొస్తే మెచ్చుకోవడానికీ విసుక్కోవడానికీ రెండింటికీ సరుకుంది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. కొద్ది రోజులకు అప్పటి చైర్మన్ యాత్ర 98 శాతం విజయమన్నారు. ఆర్బిటర్ బాగా పనిచేస్తున్న మాట నిజమే, కానీ దేశమంతా రాత్రి మేలుకుని చూసింది ఆ మిగిలిన రెండు శాతాన్ని. ధావన్ కుర్చీలోంచి ఆ మాట రావడం కొందరికి నచ్చలేదు. లోపల మాత్రం పని వేరేగా సాగింది. ఐదు ఇంజన్లు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ తోపు ఇచ్చాయి, ఆ తేడాలన్నీ పోగుపడ్డాయి, వాటిని సరిచేయడానికి ల్యాండర్ వేగంగా తిరగాల్సి వచ్చింది, అంత వేగంగా తిరిగే వెసులుబాటు సాఫ్ట్‌వేర్‌లో లేదు, దిగాల్సిన చోటు అర కిలోమీటరు చదరం మాత్రమే. 2023లో చంద్రయాన్-3కి ముందు చైర్మన్ సోమనాథ్ ఇవన్నీ జనం ముందు వరసగా చెప్పారు. ఎలా గెలుస్తాం అని కాకుండా ఏది చెడిపోతే ఏం చేస్తాం అని అడుగుతూ ఈసారి డిజైన్ చేశామన్నారు. మధ్య ఇంజను తీసేశారు. ఇంధనం పెంచారు. కాళ్లు గట్టి చేశారు. దిగే చోటును నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దిగింది. నాలుగేళ్ల కిందటి ఓటమి ఆ యంత్రంలో బోల్టు బోల్టుకీ కనిపిస్తుంది.

చెడు కబురు తెచ్చినవాళ్లకు తర్వాత ఏమైందన్నది మాత్రం మార్పు గురించిన పుస్తకాల్లో సాధారణంగా ఉండదు. బోజాలీ విచారణ సంఘం ముందు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తోటి ఉద్యోగులు ముఖం తిప్పుకున్నారు, చివరికి కంపెనీ వదిలాడు. ఎబెలింగ్ ముప్పై ఏళ్లు ఆ రాత్రిని మోశాడు. తాను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందని 2016లో రేడియోలో చెబితే, నీ తప్పు కాదంటూ శ్రోతల నుంచి వందల ఉత్తరాలు వచ్చాయి. వాటిని చదివించుకుని ఆ మార్చిలో, 89వ ఏట, చనిపోయాడు. ప్రయోగ కేంద్రంలో ఆ రాత్రి కంపెనీ తరఫున ఉండి కూడా కాగితం మీద సంతకం పెట్టనన్నవాడు అలన్ మెక్‌డొనాల్డ్. విచారణలో నిజం చెప్పినందుకు అతన్ని ఉన్న పని నుంచి తప్పించారు. అమెరికా కాంగ్రెస్‌లో గొడవ లేచాక తిరిగి తెచ్చి, బూస్టర్ అతుకును కొత్తగా డిజైన్ చేసే పని అప్పగించారు. 1988 సెప్టెంబరు 29న డిస్కవరీ ఎగిరినప్పుడు దాని పక్కన ఉన్నవి ఆ బూస్టర్లే. ప్రతి అతుకులో రెండు ఓ-రింగులకు బదులు మూడు ఉన్నాయి. చలికి అవి గట్టిపడకుండా చుట్టూ హీటర్లు పెట్టారు.